బస్సెక్కమని హాలంతా కేకేసిన పాట

1997 మే నెలలో మా డిస్ట్రిబ్యూషన్ కంపెనీవారు నన్ను రాజమండ్రి ఆఫీసు నుంచి పాలకొల్లుకు రిప్రజెంటేటివ్‌గా వేశారు. సినిమా పెట్టెతోపాటు ఊరికి వెళ్ళి, ఆ బొమ్మ అక్కడ ఆడినన్నాళ్ళూ హాల్లోనే ఉండి, ఏ ఆటకు ఏ తరగతిలో జనం ఎలా ఉన్నారో చూసి, రోజూ ఆఫీసుకు ఫోనులో చెప్పేవాణ్ణి మా వ్యాపారంలో రిప్రజెంటేటివ్ అంటారు. హోదాలో గుమాస్తాకు ఒక మెట్టు పైన, మేనేజరుకు చాలా మెట్లు కింద. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలను మేము ఈస్ట్, వెస్ట్ అని రెండు వేరు వేరు ఏరియాలుగా లెక్కవేసేవాళ్ళం. నేను రెండింటిలోనూ తిరిగాను.

నాకు అదనంగా ఇంకో పని ఉండేది. అది అభిప్రాయం రాయడం. కొత్త సినిమా కొనే ముందు కంపెనీవారు దాన్ని ఒకసారి చూపించమంటారు. ఆ ప్రివ్యూలకు మా మేనేజరు పద్మనాభంగారు నన్ను పంపేవారు. "మూర్తీ, బాగుందో లేదో నువ్వు చెప్పకు. జనం ఎక్కడ లేచి బయటికి పోతారో చెప్పు, చాలు" అనేవారు. అందుకని నేను రీలు రీలుకీ ఒక వాక్యం చొప్పున రాసేవాణ్ణి. ఆఫీసుకు ఒక కాపీ, నా డైరీలో ఒక కాపీ.

ఆ డైరీలు ఇప్పుడు తిరగేస్తే నాకే నవ్వొస్తుంది. తండ్రిని చంపినవాడి కోసం కొడుకు వెతికే సినిమా ఒకటుంది. హంతకుడి చేతిమీద మచ్చ మొదటి రీల్లోనే హాలంతటికీ కనిపించింది. కొడుకు మాత్రం పదమూడో రీలుదాకా వాడితో రోజూ కరచాలనం చేస్తూనే ఉన్నాడు. "కథానాయకుణ్ణి కళ్ళ డాక్టరుకు చూపించాలి" అని రాశాను. కోర్టు సినిమాలంటే నాకు పడదు. అమలాపురం కోర్టులో ప్లీడరు ఎవరైనా అలా అరిస్తే గుమాస్తా పరుగున వచ్చి మంచినీళ్ళిస్తాడు. ఒక ప్రేమకథకు, "వాన పాటకు నేల తరగతి ఈల వేసింది, బాల్కనీవాళ్ళు గొడుగెందుకు తెచ్చుకోలేదని మాట్లాడుకున్నారు" అని రాశాను. పద్మనాభంగారు ఆ వాక్యం ఆఫీసులో అందరికీ చదివి వినిపించారట.

ఆ రోజుల్లోనే టీవీలో మధ్యాహ్నం సీరియళ్ళు జోరందుకుని మా మ్యాట్నీలకు ఆడవాళ్ళు తగ్గిపోయారు. వాటిలో ఏముందో చూసి రాయమని కంపెనీవారు నాకే పురమాయించారు. జీతం ఇచ్చి టీవీ చూడమన్న ఉద్యోగం జిల్లాలో నా ఒక్కడిదే అయి ఉంటుంది.

పాలకొల్లులో ఆ పని నేను రత్నమ్మగారింట్లో చేశాను. ఆవిడ మా హాలు మేనేజరు సూర్యారావుగారి అత్తగారు. లెక్కల టీచరుగా రిటైరై, హాలు వెనకే కాపురం ఉండేవారు. ఇంటి టీవీ, పక్కనున్న హాలు, రెండూ ఆవిడ విచారణ కిందే ఉండేవి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా చాపమీద తను కూర్చుని పాఠం చెప్పేవారు.

"చూడండి మూర్తిగారూ, ఆ కోడలు కాఫీ తెస్తోందా? గుమ్మం దగ్గర ఆగింది. అత్త ఫోనులో అంటున్న మాట చెవినబడింది. ఇప్పుడు కప్పు కిందపడుతుంది. పడటం మాత్రం రేపండి."

"రేపెందుకండీ?"

"ఇవాళే పడిపోతే రేపు మీ మ్యాట్నీకి పోనూ?"

కప్పు మర్నాడే పడింది. సీరియళ్ళ మీద నేను ఆఫీసుకు పంపిన అభిప్రాయంలో సగం ఆవిడదే. పౌరాణిక సీరియల్లో రెండు బాణాలు ఆకాశంలో ఎదురుపడి, ఒకదాన్నొకటి తీరిగ్గా చూసుకుని, శుక్రవారం కాబట్టి సోమవారం కొట్టుకుందామనుకుంటాయన్నది మాత్రం నా సొంతం.

ఇక అసలు సినిమా సంగతి. పాలకొల్లులో నేను చూసుకోవలసిన బొమ్మ ఒక కొత్త దర్శకుడిది. పేరు శ్రీనివాసు, ఊరు తుని. డబ్బు పెట్టినవారు రావులపాలెం దగ్గర రైసు మిల్లున్న వీర్రాజుగారు. ఆయనకూ అదే మొదటి సినిమా. కథ ఇద్దరు అన్నదమ్ములది. గోదావరి వరదలో పడవ తిరగబడి అన్న కొట్టుకుపోతాడు. అక్కడ ఇంటర్వెల్. అప్పటికి ఏడు రీళ్ళు. ఎనిమిదో రీల్లో అన్న బతికే ఉంటాడు. జాలర్లు కాపాడి కాకినాడ ఆసుపత్రిలో చేరుస్తారు. తలకు కట్టుతో, గతం మరిచిపోయి, నర్సుతో ఒక హుషారు పాట పాడతాడు. రీలు చివర పెళ్ళి ఊరేగింపు సన్నాయి విని ఇల్లు గుర్తుకొచ్చి బయలుదేరతాడు. తొమ్మిదో రీల్లో ఇంటి దగ్గర అందరూ అతను పోయాడని ఏడుస్తారు. అతనికి అనుకున్న పిల్లను తమ్ముడికిచ్చి చెయ్యాలని పెద్దలు తీర్మానిస్తారు. పందిరి వేస్తారు, తమ్ముడు తాళి చేతిలోకి తీసుకుంటాడు. పదో రీల్లో అన్న వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

ప్రివ్యూ చూసి నేను రాసిన మాట ఇది: "ఎనిమిదో రీలు పాటకు జనం లేచిపోతారు, సోడాలు బాగా అమ్ముతాయి. తొమ్మిదో రీలు ఏడుపులకు, అన్న బతికే ఉన్నాడని తెలిసిన జనం ఏడవరు." అలాగే జరిగింది. కాకినాడలో ఒక్క వారమే ఆడింది. దర్శకుడి సొంత ఊరు తునిలో మూడో రోజుకే దింపేశారు. అక్కడి నుంచి ప్రింటు నేరుగా మా దగ్గరికి పాలకొల్లు రావాలి. లారీ ఆలస్యమై శుక్రవారం మ్యాట్నీ పోయింది. ఫస్ట్ షోకి బెల్లు కొట్టబోతుండగా పెట్టె దిగింది. మామూలుగా ఆపరేటరు ప్రతి రీలునూ బల్లమీద చుట్టి చూసుకుంటాడు. ఆ రోజు అంత వ్యవధి లేదు. తునిలో సర్దినవాళ్ళు తొందరలో ఎనిమిదో రీలును తొమ్మిదో డబ్బాలో, తొమ్మిదిని ఎనిమిదో డబ్బాలో పెట్టేశారు.

ఇంటర్వెల్ అయ్యాక నేను బెంచీ తరగతి పక్కగోడను ఆనుకుని నిలబడ్డాను. తెర వైపు కాకుండా జనం వైపు చూడటం నా అలవాటు. జనం ఏడుస్తున్నారు. నాకు ఆశ్చర్యమేసి తెర చూశాను. ఆసుపత్రి లేదు. ఇంటి దగ్గర శోకాలు, పెద్దల మాటలు, పందిరి. తమ్ముడు తాళి చేతిలోకి తీసుకున్నాడు. టక్కున తెరమీద ఆసుపత్రి వచ్చింది. మంచంమీద అన్న కళ్ళు తెరిచాడు.

పైకప్పు లేచిపోయేంత గోల. అన్న కళ్ళు నులుముకుని, నర్సును చూసి, పాట మొదలెట్టాడు.

"ఒరే, అక్కడ నీ పిల్లకి తాళి కట్టేత్తన్నార్రా!"

"డాన్సులు తర్వాతాడుదువుగాని, బస్సెక్కరా!"

"నర్సమ్మా, నువ్వన్నా చెప్పవే ఆడికి!"

పాట సాగుతున్నకొద్దీ జనం బెంచీలెక్కారు. అన్న నర్సుతో రెండో చరణం ఎత్తుకుంటే బాల్కనీలో పెద్దమనుషులు కూడా లేచి చేతులూపారు. సోడాలమ్మేవాళ్ళు బుట్టలు కిందపెట్టి తెరవైపు తిరిగి వాళ్ళూ అరిచారు. నేను మెట్లెక్కి ఆపరేటరు గదిలోకి పరిగెత్తాను. ఆపరేటరు దానియేలు ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు.

"రీళ్ళు తారుమారయ్యాయి దానియేలూ!" అన్నాను.

"డబ్బా మీద ఎనిమిదనుందండి, ఎనిమిదే ఏశాను."

"కథ తేడాగా లేదూ?"

"కథ నేనెందుకు చూత్తానండి? నేను కార్బన్లు చూసుకుంటాను. అయి ఆరిపోతే కథే లేదు కదండీ." మిషనులో వెలుతురిచ్చే కడ్డీలను కార్బన్లంటారు. అవి కాలిపోకుండా చూసుకోవడమే అతని ఉద్యోగం.

ఆపమనేలోపు వెనక నుంచి సూర్యారావుగారొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "మూర్తిగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడాపితే కుర్చీలు మిగలవు."

ఆట అయిపోయాక నేను రీళ్ళు సరైన డబ్బాల్లో పెట్టించాను. సెన్సారువారు చూసి సర్టిఫికెట్ ఇచ్చిన వరుసలోనే సినిమా వెయ్యాలన్నది నియమం. సెకండ్ షో నియమం ప్రకారం నడిచింది. పాటకు జనం సోడాలు తాగారు. శనివారం మ్యాట్నీ కూడా నియమం ప్రకారమే నడిచింది కానీ, అప్పటికి శుక్రవారం ఫస్ట్ షో చూసినవాళ్ళు ఊరంతా చెప్పేశారు. మే నెల ఎండల్లో, మ్యాట్నీకి, హాలు నిండింది. ఇంటర్వెల్ తర్వాత ఆసుపత్రి పడేసరికి ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఇది కాదండీ! నిన్న ఏసిందెయ్యండి!"

నేను వెళ్ళి కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు. "మా ఆవిణ్ణి, మా బావమరిదిగారినీ తీసుకొచ్చానండీ. పాట దగ్గర ఇలా అరవాలని దారంతా నేర్పించుకొచ్చాను. ఇప్పుడు వీళ్ళు ఎందుకరవాలో మీరు చెప్పండి."

ఆవిడ కూడా, "ఆయ్, ఇంత దూరమొచ్చి అరవకుండా ఎలాగెళ్తామండీ?" అంది. వెనక వరుసలన్నీ ఆవిణ్ణి బలపరిచాయి.

ఆట అయ్యాక టీకోసం రత్నమ్మగారింటికి వెళ్తే అక్కడా అదే పంచాయతీ. ఆవిడ శుక్రవారం ఫస్ట్ షో చూశారు. గోడ అవతల ఇంట్లో ఉన్న ఆవిడ తోడికోడలు సెకండ్ షో చూశారు. పొద్దుటినుంచీ గోడకు అటూ ఇటూ నిలబడి వాదించుకుంటున్నారట.

"మా తోడికోడలు నిద్రపోయానంటోంది. నాకు గొంతు పోయింది. ఒకే హాలు, ఒకే రోజు, ఒకే సినిమా. ఏం చేశారండీ మీరు?"

జరిగింది చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వి, "పొరపాటు మహా తెలివైందండీ" అన్నారు.

నేను రాజమండ్రికి ఫోను చేసి, రీళ్ళు తారుమారయిన సంగతి, నేను సరిచేసిన సంగతి, జనం గొడవ చేస్తున్న సంగతి వరసగా చెప్పి ఏం చెయ్యమంటారని అడిగాను.

"జనం ఏది వెయ్యమంటున్నారు?" అన్నారు పద్మనాభంగారు.

"తప్పుదండి."

ఆయన ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నారు. తర్వాత, "ఇవాళ ఫస్ట్ షోకి, సెకండ్ షోకి తప్పుదే వెయ్యి. పూచీ నాది. పాలకొల్లు హాలు నిండిందని వీర్రాజుగారికి కబురు వెళ్ళింది, నమ్మడం లేదు. రేపు ఫస్ట్ షోకి ఆయనా, దర్శకుడూ వస్తున్నారు. ఆ పైన వాళ్ళిష్టం" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం శ్రీనివాసు ఒక్కడే ముందుగా బస్సు దిగాడు. ముప్ఫై లోపు వయసు, చేతిలో చిన్న సంచి. అతని పరిస్థితి బస్టాండులోనే చెప్పాడు. వీర్రాజుగారు రెండో సినిమా కూడా అతనితోనే తీస్తానని ముందు మాటిచ్చారట. తునిలో బొమ్మ దిగిపోగానే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఇవాళ హాల్లో జనం మధ్య కూర్చుని చూసి, అప్పుడు అటో ఇటో తేలుస్తానన్నారు. కాదంటే సోమవారం నుంచి తునిలో నాన్నగారి కిరాణా కొట్లో కూర్చోవాలి. "పాలకొల్లు నన్ను బతికించిందండీ" అన్నాడు.

ఆ మాట విన్నాక నిజం చెప్పడం కష్టమే, కానీ రాత్రికి తనే చూస్తాడు. రిక్షాలో చెప్పేశాను. అతను రిక్షా ఆపించాడు.

"ఇల్లు కట్టిన మేస్త్రీని అడక్కుండా గుమ్మం ఇటునుంచి అటు మార్చేస్తారాండీ? ఒక్కొక్క సీను ఎక్కడుండాలని నేనెన్ని రాత్రులు ఆలోచించానో తెలుసా? ఈ రాత్రి నా వరసలోనే వెయ్యాలి. లేదంటే కంప్లైంటు పెడతాను."

నియమం అతని వైపే ఉంది. అలాగే వేయిస్తానని మాటిచ్చాను. నేరుగా ఆపరేటరు గదికి తీసుకెళ్ళి, అతని ఎదుటే రీళ్ళు డబ్బాల్లో సరిగా పెట్టించాను. అతని వరసలో వేస్తే పాటకు హాలు సగం ఖాళీ అవుతుందని నాకు తెలుసు. అతనికీ తెలుసనుకుంటాను. డబ్బాల మీద అంకెలు రెండుసార్లు చూసుకున్నాడు.

భోజనం రత్నమ్మగారింట్లో ఏర్పాటైంది. సూర్యారావుగారు అతన్ని "సినిమావాళ్ళ తాలూకు మనిషి" అని మాత్రమే చెప్పారు. ఆవిడ పనసపొట్టు కూర వడ్డిస్తూ మొదలుపెట్టారు.

"మీరు చూశారా బాబూ మా హాల్లో ఆడుతున్నది? అది తీసినవాడికి అన్నీ ఉన్నాయండి. పాటుంది, ఏడుపుంది, పిల్ల లక్షణంగా ఉంది. ఒక్కటే లోపం. మర్యాద ఎక్కువ."

శ్రీనివాసు చెయ్యి ఆగిపోయింది. "మర్యాదేంటండీ?"

"అన్నీ మనకి ముందే చెప్పేస్తాడు బాబూ. 'కంగారుపడకండి, అన్న క్షేమం, బయలుదేరాడు' అని కార్డు రాసినట్టు చెప్పి, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళ చేత ఏడిపిస్తాడు. క్షేమమని తెలిశాక నాకెందుకు ఏడుపు? సీరియల్ వాడికి ఆ మర్యాద లేదు. గుమ్మంలో ఎవరో చెప్పకుండా తలుపు కొట్టించి పోతాడు. తిట్టుకుంటూ రోజూ వెళ్తాం. పులుసు వెయ్యనా?"

"ఆ పాట... బాగుందాండీ?"

"రెండుసార్లు చూశాను. మొదటిసారి నేనరవడానికి, రెండోసారి మా తోడికోడలి చేత అరిపించడానికి. సరైన వరసలో వేస్తే అది వట్టి పాట. దానియేలు వేసిన వరసలో వేస్తే, దానికంటే మంచి పాట ఈ ఏడాది రాలేదు. ఏం, ఒంట్లో బాగోలేదా? అన్నం వదిలేస్తున్నారు?"

అతను పులుసు వేయించుకుని తిన్నాడు.

ఫస్ట్ షోకి వీర్రాజుగారి కారొచ్చింది. భారీ మనిషి, పెద్ద గొంతు. హాలు నిండడం చూసి కూడా అనుమానంగానే బాల్కనీలో నా పక్కన కూర్చున్నారు. తన సినిమా ఆయన ప్రివ్యూలో చూశారుగాని, ఇంటర్వెల్ తర్వాత నిద్రపోయారట. ఆ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పారు. శ్రీనివాసు మిషను గదిలో ఉంటానని పైకి వెళ్ళాడు.

ఇంటర్వెల్ అయింది. దీపాలారాయి. నేను ఆసుపత్రి కోసం ఎదురు చూస్తున్నాను. కింద హాలంతా ఏడుపు కోసం ఎదురు చూస్తోంది. ఒకవేళ ఆసుపత్రి పడితే ఏమవుతుందోనని పక్కనున్న వీర్రాజుగారి వైపు చూశాను.

తెరమీద ఇంటి దగ్గరి శోకాలు మొదలయ్యాయి.

తర్వాత దానియేలు చెప్పాడు. ఇంటర్వెల్లో శ్రీనివాసు స్టూలుమీద కూర్చుని రెండు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకున్నాడట. బెల్లు కొట్టాక తొమ్మిదోది తీసి చేతికిచ్చి, "ఇదెయ్యండి. నేనే చెబుతున్నాను" అన్నాడట.

కింద తమ్ముడు తాళి తీసుకున్నాడు. ఆసుపత్రి వచ్చింది, పాట మొదలైంది, హాలు లేచింది. రెండో చరణానికి వీర్రాజుగారు కూడా లేచారు. కండువా గిరగిరా తిప్పుతూ, బాల్కనీ ముందు పిట్టగోడ పట్టుకుని వంగి, తన మిల్లులో కూలీలను పిలిచే గొంతుతో అరిచారు.

"నా డబ్బుతో ఆడింది చాలు! బస్సెక్కరా సన్నాసీ!"

కింద నేల తరగతి వెనక్కి తిరిగి ఆయనకు చప్పట్లు కొట్టింది. నా జీవితంలో తన సొంత సినిమాను తనే తిడుతూ అంత ఆనందించిన నిర్మాతను మరొకర్ని చూడలేదు. నేను కూడా అరిచాను. ఏమరిచానో డైరీలో రాసుకోలేదు.

ఆట వదిలాక హాలు ఆవరణలో వీర్రాజుగారు శ్రీనివాసు భుజం పట్టుకుని కుదిపేశారు. "ఏంటయ్యా, ఇంత బాగా తీసినవాడివి తునిలో ఎందుకు చంపుకున్నావ్?"

ఊరుకుంటే సరిపోయేది. మేమెవరమూ నోరు విప్పేవాళ్ళం కాదు. కానీ అతను వెంటనే చెప్పేశాడు. "తునిలో నేను తీసినట్టు వేశారండీ. ఇక్కడ పొరపాటున రీళ్ళు మారాయి. ఇవాళ మాత్రం నేనే మార్చి వేయించాను. పొరపాటే బాగుందండీ."

వీర్రాజుగారు చెయ్యి తీసేశారు. నావైపు, సూర్యారావుగారి వైపు, పైనున్న మిషను గది వైపు చూశారు. ఆ కాస్సేపూ నాకు తునిలోని కిరాణా కొట్టే కనిపించింది.

"ఇలాంటి పొరపాట్లు ముందే, ఎడిటింగ్ బల్లమీదే చెయ్యగలవా?" అని అడిగారు.

"చేస్తానండీ."

"అయితే రెండో సినిమా పని చూసుకో. ఈసారి నేను నిద్రపోను."

మిగతా వ్యవహారం కాగితాలమీద నడిచింది. నిర్మాత వరుస మార్పును సెన్సారువారికి తెలియజేశారు. అనుమతి వచ్చాక మిగిలిన ప్రింట్లన్నీ మార్చారు. బొమ్మ ఇంకా వెళ్ళని రాజోలు, అమలాపురం, నరసాపురంలో బాగా ఆడింది. కాకినాడలో, తునిలో మళ్ళీ వేస్తే జనం రాలేదు. ఒకసారి ఏర్పడిన అభిప్రాయాన్ని ప్రింటు మార్చినంత తేలిగ్గా మార్చలేమని అక్కడ తెలిసింది. శ్రీనివాసు రెండో సినిమా మధ్యరకంగా ఆడింది, మూడోది బాగా ఆడింది. కొట్లో కూర్చోవలసిన అవసరం అతనికి రాలేదు.

ఆ తర్వాత నేను అభిప్రాయాలు రాసే పద్ధతి మార్చుకున్నాను. అంతకుముందు ఎనిమిదో రీలు పాటకు సోడాలు అమ్ముతాయని రాసినవాణ్ణి, అదే పాటకు లేచి నిలబడి అరిచాను. పాటలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు. కాబట్టి ఏ సన్నివేశం గురించి రాసినా, అది వచ్చేసరికి చూసేవాడికి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది ముందు రాసి, ఆ తర్వాతే బాగోగులు రాయడం మొదలుపెట్టాను. రిటైరయ్యేదాకా అలాగే రాశాను. అప్పటినుంచి నా అంచనాలు తప్పడం తగ్గింది.